ఓనరుగారి గోల్‌కీపరు

(సీజన్లో ఆఖరి మ్యాచ్ మొదలవడానికి కొంచెం ముందు. స్టేడియం పైఅంతస్తులో ఫుట్‌బాల్ క్లబ్ ఓనరు గది. లోపల ఓనరు, టీమ్ కోచ్‌గా పనిచేస్తున్న ఆయన బావమరిది.)

"తలుపెందుకేశావ్?"

"మీతో మాట్లాడాలి బావా."

"మాట్లాడ్డానికి తలుపెయ్యాలా? అవతల మ్యాచ్ పెట్టుకుని ఇక్కడేం పని నీకు? కిందికెళ్ళు. వాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పు."

"వాళ్ళకి చెప్పాల్సింది చెప్పేశాను. ఇప్పుడు మీకు చెప్పాలి. ఇవాళ ఎవరెవరు ఆడతారో పేర్లు రాసి పంపిస్తే, మీరు కొట్టేసి వెనక్కి పంపారు."

"కొట్టెయ్యలేదు, దిద్దాను. ఒక్క పేరేగా."

"ఆ ఒక్క పేరే బావా. గోల్‌లో నేను మన రెండో గోల్‌కీపర్ని, అదే, అందరూ స్తంభం అని పిలిచేవాణ్ణి రాశాను. మీరు వాణ్ణి కొట్టేసి బుజ్జిని రాశారు."

"నా కొడుకు పేరు నా క్లబ్బులో నేను రాసుకోకూడదా?"

"రాసుకోండి. గేటు మీద రాసుకోండి, బస్సు మీద రాసుకోండి. ఇవాళ గోల్‌లో మాత్రం వద్దు. మీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలెందుకులే. టీ తాగుతావా?"

"వద్దు."

"నిమ్మకాయ పిండి ఇమ్మంటాను. గొంతు బొంగురుపోయింది నీకు."

"బావా! టీ కాదు. ఇవాళ గెలిస్తేనే పెద్ద లీగ్‌లో ఉంటాం. ఓడినా, సమానంగా ముగిసినా వచ్చే ఏడాది కింది లీగే. ఈ ఊళ్ళో మూడు తరాల్లో ఎప్పుడూ పడలేదు మన టీమ్. మా నాన్న చంకనెక్కి చూశాను నేనీ టీమ్‌ని."

"నాకు పాఠం చెప్తున్నావా? ఓనర్ని నేను."

"అన్నీ తెలిసే బుజ్జిని పెట్టమంటున్నారా?"

"వాడికేం తక్కువ? ఆరడుగులున్నాడు. చేతులు చూడు, చేటలంత."

"చేటలంత చేతులుంటే చాల్తుందా? బంతి వాటిలో పడాలిగా! స్టాండ్స్‌లో వాణ్ణి ఏమని పిలుస్తున్నారో విన్నారా మీరు?"

"జనం నోటికి మూతేముంది? లక్ష అంటారు."

"లక్ష అనట్లేదు, ఒక్కటే అంటున్నారు. జల్లెడ. 'జల్లెడ, జల్లెడ' అని వరసలకి వరసలు లేచి అరుస్తున్నాయి. పోయిన మ్యాచ్‌కి ఒకాయన ఇంట్లోంచి నిజం జల్లెడే పట్టుకొచ్చి ఊపాడు. ఆయన పక్క వరసలోనే అక్క కూర్చుని ఉంది."

"మీ అక్క నాతో ఏం చెప్పలేదే?"

"మీతో చెప్తే ఆ స్టాండే మూయించేస్తారని అక్కకి తెలుసు."

"మూయిస్తాను. నా స్టాండు, నా తాళం. ఒక్క నిమిషం ఆగు, ఫోను... ఆఁ, చెప్పు. వచ్చారా? పైన బాక్స్‌లో కూర్చోబెట్టు. ఏసీ వెయ్యి. ఆఁ, మ్యాచ్ అయ్యాక మాట్లాడదామన్నారని చెప్పు. పెట్టెయ్... ఊఁ, ఏమంటున్నావ్?"

"ఎవరొచ్చింది?"

"ఎవరో ఒకరు. నువ్వు చెప్పు."

"అసలు బుజ్జికి మోకాలు బాగాలేదు."

"పొద్దున మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు."

"మోకాలంటే... భుజం. భుజం పట్టేసింది."

"ఏ భుజం?"

"కుడి... ఎడమ."

"అబద్ధమాడ్డం కూడా రాదురా నీకు."

"రాదు. అందుకే నిజం చెప్తున్నాను. కార్నర్ వస్తే వాడు గీత మీంచి కదలడు. కాళ్ళకి మేకులు కొట్టినట్టు నిలబడిపోతాడు. మన డిఫెండర్లు వాడికి బంతి వెనక్కివ్వడం మానేశారు. భయం. వాడికిచ్చేకంటే నయమని బయటికి తన్నేస్తున్నారు."

"అయితే నేర్పించు. కోచ్‌వి కదా?"

"గోల్‌కీపింగ్ నేర్పాల్సినవాణ్ణి మీరు సీజన్ మధ్యలో అమ్మేశారు. పోనీ, ఎవరికమ్మారు? ఇవాళ మనమీద ఆడేవాళ్ళకి! అవతలి గోల్‌లో నిలబడేది మన పాత గోల్‌కీపరే బావా. మనవాళ్ళలో ఎవడు పెనాల్టీ ఎటు కొడతాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు."

"మంచి బేరం వచ్చింది, ఇచ్చేశాను."

"ట్రైనర్ని పంపించేశారు."

"పరిగెత్తండ్రా అని చెప్పడానికి ఒక మనిషా?"

"ఎడమవైపు ఆడే కుర్రాడు పెళ్ళికి రెండు రోజులు సెలవడిగితే రెండు నెలలిచ్చారు!"

"కొత్త పెళ్ళికొడుకు, పాపం. ఆ ముచ్చట మళ్ళీ వస్తుందా?"

"నవ్వకండి బావా. ఒళ్ళు మండుతోంది నాకు. మీరేం చేసినా వెనకేసుకొచ్చాను. విలేకరుల ముందు, ఆటగాళ్ళ ముందు, ఇంట్లో మా ఆవిడ ముందు కూడా. 'బావకి ఆట తెలీదుగానీ మనిషి మంచోడు, కొడుకంటే పిచ్చి' అంటూ వచ్చాను. బడిలో పిల్లలకి డ్రిల్లు చెప్పుకునేవాణ్ణి, పిలిచి ఇంత టీమ్ చేతిలో పెట్టారు. ఆ విశ్వాసం ఉంది నాకు. సీజన్ సగందాకా బాగానే గెలిచాం. నా పద్ధతి పట్టుబడుతోంది అనుకునేలోపే మీరు ఒక్కొక్కణ్ణీ పీకేస్తూ పోయారు."

"అయిపోయిందా?"

"అవలేదు. బుజ్జే అడిగాడు."

"ఏమడిగాడు?"

"చెప్పొద్దన్నాడు."

"చెప్తున్నావుగా. పూర్తిగా చెప్పు."

"పొద్దున నా గదికొచ్చాడు. 'మావయ్యా, ఇవాళ నన్నొదిలెయ్. నేనన్నానని నాన్నకి మాత్రం చెప్పకు' అన్నాడు. పోయిన మ్యాచ్ అయ్యాక బట్టలతోనే షవర్ కింద కూర్చున్నాడు బావా. అందరూ వెళ్ళిపోయినా లేవలేదు. నేనే వెళ్ళి నీళ్ళు కట్టేశాను."

"ఏడ్చాడా?"

"వెక్కి వెక్కి ఏడ్చాడు."

"వాళ్ళమ్మ పోలిక."

"బావా!"

"సరే, సరే. నాకు మాత్రం బాధుండదా? నేనేమన్నా రాయినా?"

"అమ్మయ్య! అయితే స్తంభాన్ని రాసేస్తున్నాను. ఆ పెన్నిలా ఇవ్వండి."

"పెన్ను ముట్టుకోకు."

"ఎందుకు బావా? ఎందుకు? ఒక్క కారణం చెప్పండి. ఒక్కటి చెప్తే నోరు మూసుకుని పోతాను."

"ఇలా కిటికీ దగ్గరికి రా. ఏం కనిపిస్తోంది?"

"గ్రౌండు. జనం. ఇంకేముంటుంది?"

"నాకేం కనిపిస్తుందో తెలుసా? ఊరి నడిబొడ్డున ఇంత ఖాళీ స్థలం."

"ఏమంటున్నారో అర్థం కావట్లేదు."

"మా తాతకి ఊరు ఈ స్థలం ఉత్తినే ఇవ్వలేదు. షరతు పెట్టి ఇచ్చింది. టీమ్ పెద్ద లీగ్‌లో ఆడినంతకాలం ఇక్కడ ఆట తప్ప ఇంకోటి ఉండకూడదు. ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. పడిపోయిందా, షరతూ పోతుంది, స్థలం నాదవుతుంది. అదిగో, ఆ గోలున్న చోట బట్టల షాపులు. ఇటువైపు సినిమా హాళ్ళు. మనం నిలబడ్డ చోట కార్లు పెట్టుకుంటారు. ఇందాక ఫోనొచ్చింది చూశావూ? బిల్డరు. వచ్చి బాక్స్‌లో కూర్చున్నాడు."

"అంటే... మీరు... ఓడిపోవాలనా?"

"అరవకు."

"ఓడిపోవాలనే బుజ్జిని పెడుతున్నారా?"

"మెల్లగా, మెల్లగా. గోడలకి చెవులుంటాయి."

"గోల్‌కీపర్ని అమ్మింది?"

"మరి సగం సీజన్ వాడే కదా నెట్టుకొచ్చింది."

"ట్రైనర్ని పంపింది?"

"ఊఁ."

"పెళ్ళికొడుకు సెలవు?"

"ఊఁ. పెళ్ళి మాత్రం నేను చెయ్యలేదు."

"ఛీ! కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను? కన్నకొడుకు బావా! ఇంత జనం మధ్య వాణ్ణి నిలబెట్టి..."

"కన్నకొడుకు కాబట్టే. పైవాణ్ణెవణ్ణో పెట్టి ఓడితే ఆరా తీస్తారు, లీగ్‌వాళ్ళు మనుషుల్ని పంపుతారు. కొడుకుని పెట్టి ఓడితే ఏమంటారు? కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. నాలుగు రోజులు నవ్వుకుంటారు, మానేస్తారు. పిల్లని ముద్దు చేసిందని కాకిని ఎవరన్నా జైల్లో పెట్టారా?"

"వాడికి ఆట రాదని మీకు ముందే తెలుసా?"

"నాకు ఆట తెలీదని నువ్వూ ఊరూ అనుకుంటున్నారుగానీ... వాడు చిన్నప్పుడు పెరట్లో ఆడుతుంటేనే తెలుసు. బంతి వస్తే కళ్ళు మూసుకునేవాడు. ఇప్పటికీ మూసుకుంటాడు."

"నేను కిందికెళ్ళి చెప్పేస్తాను. రిఫరీకి చెప్తాను. విలేకరులకి చెప్తాను."

"ఏమని? ఓనరు కొడుకుని ఆడిస్తున్నాడనా? అది వాళ్ళు రోజూ రాస్తున్నదే."

"అక్కకి చెప్తాను."

"చెప్పు. 'నీ కొడుకు దేనికీ పనికిరాడని వాళ్ళ నాన్నకి మొదట్నుంచీ తెలుసు, పనికిరాడనే నిలబెట్టాడు' అని చెప్పు. అక్కడే ఉంటాడు, బుజ్జికీ చెప్పు. ఎవరి గుండె ముందు పగలగొట్టాలో నువ్వే చూసుకో... ఏం? కదలవేం?"

"మీరు మనిషి కాదు బావా."

"తిట్టు. ఇంకా తిట్టు. టైముంది."

"నేను రాయను. ఈ పేరు నా చేత్తో రాయను. ఈ ఉద్యోగమే వద్దు నాకు."

"మంచిది, మానెయ్. అసిస్టెంట్ రాస్తాడు. వాడికి బుజ్జి మేనల్లుడు కాదు. ఆరు పడ్డా, పది పడ్డా మార్చడు, పలకరించడు. నువ్వుంటే కనీసం మధ్యలో భుజం మీద చెయ్యేస్తావు. ఆలోచించుకో."

"ఆరు పడితే వాడేమైపోతాడు బావా?"

"ఆలోచించుకున్నావా?"

"పెన్నివ్వండి."

"అదీ. బంగారుకొండ."

"కొండా లేదు, గుట్టా లేదు. ఇదిగో, బుజ్జి పేరు. మీ ముందే రాశాను. సంతకం పెట్టండి. మీ సంతకం లేందే రిఫరీకి పోకూడదని మీరేగా రూలు పెట్టింది."

"పెట్టాను. ఇంక వెళ్ళు."

"వెళ్తాను. వెళ్ళేముందు ఒకటి వినండి. బుజ్జి ఆడతాడు. కానీ వాడిదాకా బంతి రాదు."

"అదెలా?"

"వాడి ముందు ఐదుగుర్ని నిలబెడతాను. ముందుకెళ్ళొద్దు, కదలొద్దు, గోడ కట్టెయ్యండిరా అంటాను. కార్నర్ ఇచ్చినవాణ్ణి అక్కడికక్కడే మార్చేస్తాను. బుజ్జికి చెప్తాను, 'నాన్నా, నువ్వేం చెయ్యకు, ఉత్తినే నిలబడు, మిగతాది మావయ్య చూసుకుంటాడు' అని. వాడికి కళ్ళు మూసుకునే అవసరమే రానివ్వను."

"మరి గోల్ ఎవడు కొడతాడు?"

"పొట్టోడు. ఒక్కణ్ణే ముందుంచుతాను. మన పాత గోల్‌కీపర్‌కి మనవాళ్ళంతా తెలుసన్నాను కదా, మనకి వాడు తెలీదా? ఎడమవైపు నేల మీదొచ్చే బంతికి వాడు లేటుగా పడతాడు. ఏడాదిగా చూస్తున్నాను. పొట్టోడితో వారం రోజుల్నుంచి అదే కొట్టిస్తున్నాను. ఎడమవైపు, నేల మీద. ఎడమవైపు, నేల మీద. ఒక్క గోల్ బావా. ఒక్కటంటే ఒక్కటి."

"ఊఁ."

"తర్వాత చూడండి. జల్లెడ అన్న నోళ్ళే జేజేలు కొడతాయి. బుజ్జిని భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తారు. అక్క మళ్ళీ తలెత్తుకుని కూర్చుంటుంది. మీ తాతగారి షరతు ఎక్కడికీ పోదు. మీ బిల్డరు ఆ ఏసీ గదిలోంచి అంతా చూసి ఇంటికి పోతాడు."

"ఊఁ."

"ఏంటి, నవ్వుతున్నారు?"

"ఏం లేదు. బాగా చెప్పావ్. వెళ్ళు, విజిల్ ఊదేస్తారు."

"నవ్వెందుకొచ్చిందో చెప్పండి."

"ఏం లేదంటున్నానుగా."

"నేను గెలిపిస్తాను బావా. మీ కొడుకుని గోల్‌లో పెట్టే గెలిపిస్తాను. గెలుస్తామేమోనని మీకు కొంచెం కూడా భయం వెయ్యట్లేదా?"

"ఆ భయమే ఉంటే నిన్నెందుకు కోచ్‌ని చేస్తాను బామ్మర్దీ?"