రాక్షసుడి కథలో పట్టేసిన దవడ

రాండి, రాండి. ఆ ఎండలో కూర్చోబాకండి, అరుగు మీదికి జరగండి. ఏంది మే శైలజా, ఏందో అడిగితివే? ఆవలించేటప్పుడు తాత దవడ కింద చెయ్యి ఎందుకు పెట్టుకుంటాడనా? చెప్తా, కూర్చో.

మీరు పుట్టకముందు మాట. సీతారామపురం పక్కన ఒక పల్లెలో ఐదు తరగతులకీ నేనొక్కణ్ణే అయ్యవారిని. బిడ్డలు మేకల్ని వదిలిపెట్టి బడికి వచ్చేది నా కథల కోసం, ఎక్కాల కోసం కాదు. నోరే నా బతుకు గదా మరి!

ఆ మెట్ట పల్లెల్లో చింతగింజలు వేయించి, పొట్టు తీసి నమిలేది అందరికీ అలవాటు. నేనూ మరిగినాను. జేబులో పోసుకొని పొద్దస్తమానం కుడిపక్కనే పటపటా కొరికేవాణ్ణి. కొన్నాళ్ళకి చెవి ముందర టక్కుటక్కుమని చప్పుడు, నొప్పి. పన్నే అనుకొని ఉదయగిరి పొయ్యి... కాదు కాదు, కొండాపురం సంతకి పొయ్యి, గట్టి దంతాన్ని పీకించుకొని వచ్చినాను! నొప్పి మాత్రం కదల్లా.

ఒకరోజు రాక్షసుడి కథ చెప్తా, వాడు గుహంత నోరు తెరిచినాడు చూడండ్రా అని నేనూ తెరిచినాను. అంతే, మూతపడలా. బిడ్డలు ఒకటే నవ్వు. "ఇంకొంచెం తెరువు సార్!" అని చప్పట్లు. నేను చేతులాడిస్తే ఇంకా నవ్వు. ఐదో తరగతిలో పోలమ్మ అని ఒక బిడ్డ ఉండేది, బళ్ళో చేరినప్పట్నుంచి నోరు విప్పింది లేదు. ఆ పిల్లొక్కతే నా కళ్ళల్లో నీళ్ళు చూసి, పరిగెత్తి మా ఇంట్లోనుంచి మీ అవ్వని పిలుచుకొచ్చినాది.

మూతికి తువ్వాల చుట్టుకొని, ఉదయగిరి ఆసుపత్రికని మీ అవ్వా నేనూ బస్సెక్కితిమి. కండక్టరు "యాడికి సార్?" అంటే నేను "ఆ..." అన్నాను. "ఆత్మకూరా?" అని టికెట్ కొట్టేసినాడు. అంత బాధలోనూ మీ అవ్వ నవ్విందబ్బా!

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొటనవేళ్ళకి గుడ్డ చుట్టుకొని, కింది పళ్ళ మీద పెట్టి, కిందకి నొక్కి వెనక్కి తోసినాది. కూర్చునింది దవడ. "పన్ను కాదు సార్, చెవి ముందరి కీలు అలిసిపోయింది. చింతగింజలు మానండి. ఉప్పుమూటతో కాపడం పెట్టండి, మెత్తటివే తినండి. పెదాలు మూసినా పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలనీయొద్దు. నెలరోజులు మాట తగ్గించండి. మళ్ళీ పట్టేస్తే మీరే లాక్కోవద్దు, ఇక్కడికి రండి" అనింది. ఆవలింతకి దవడ కింద చెయ్యి పెట్టుకోమనింది కూడా ఆమే.

నెలరోజులా! కథ లేకపోతే బిడ్డలు మేకల వెంట పోతారు, బడి ఖాళీ. మీ అవ్వ ఉదయగిరి కొయ్య చెంచాతో రాగిజావ తాపిస్తా ఉన్నా నాకు అదే దిగులు.

మర్నాడు బోర్డు మీద రాసినాను, ఎవరైనా కథ చెప్పండి అని. ఒక్కరూ లేవలా. ఇద్దరు సంచులు తగిలించుకొని వాకిలి దాకా పొయ్యినారు కూడా. అప్పుడు లేచినాది పోలమ్మ. నేను ఆపిన కాడ్నుంచే ఎత్తుకున్నాది. రాక్షసుడు నోరు మూసుకోలేక ఏడుస్తా ఉంటే ఊరంతా భయపడి పారిపోయినారంట, ఒక బిడ్డ మాత్రం దగ్గరికి పొయ్యి "నొప్పా?" అని అడిగినాదంట. వాకిట్లో వాళ్ళిద్దరూ ఆడే నిలబడిపోయినారు.

ఐదేండ్లు నా ఎదురుగా కూర్చున్న బిడ్డ గొంతు ఎట్టుంటాదో నాకా పొద్దు తెలిసినాది. నెలంతా వాళ్ళే చెప్పినారు, నేను విన్నాను. ఒక్కరు కూడా బడి మానలా. దవడ బాగుపడినాక గూడా రోజూ ఒక కథ వాళ్ళ చేతనే చెప్పించినాను, మరి అన్నేండ్లు నేనే చెప్తా ఉండిపోయినాను గదా... ఊఁ, సరేలే.

పోండి, మీ అమ్మలు అన్నాలు పెట్టుకొని చూస్తా ఉంటారు. నిదానంగా, రెండుపక్కలా నమిలి తినండి. చల్లగుండండి నాయనా.