ఐదింటి చప్పుడు

మెట్టుగూడ, డిసెంబరు, పొద్దున ఆరు. ఊర్మిళ ఇంటి ముందు అమ్మకానికున్న డీజిల్ వ్యాను. కొననీకి వచ్చినాయన రాజేందర్.

"నువ్వే చెయ్యి పెట్టి చూడు చెల్లె. బానెట్ వేడిగున్నదా, లేదా?"

"ఎండకేమో, రాజేందరన్నా."

"ఏం ఎండ? సూర్యుడే రాలె ఇంకా! మాట్లాడితే నా నోట్లకెళ్లి పొగలొస్తున్నయ్. నిన్న ఫోన్ల ఏం చెప్పిన? నేనొచ్చేదాకా తాళంచెవి ముట్టద్దన్ననా?"

"అన్నవ్. జెర మెల్లగ, అన్నా."

"చలిల, చల్లటి ఇంజను అందుకుంటదా లేదా, అదే గదా నేను చూడాల్సింది! డీజిల్ బండి అసలు రంగు డిసెంబర్లనే బయటపడ్తది. తెల్లారకముందే నా కేటరింగ్ గిన్నెలు కార్ఖానా బస్తీల ఈ బండ్ల లోడ్ కావాలె. పెళ్లోళ్ల ఇంటికి పోయేటప్పుడు ఇది మొరాయిస్తే ఇడ్లీలు దీని మీదనే వండాల్నా?"

"మొరాయించదు. ఒక్క సెల్ఫుకే అందుకుంటది."

"మరి ముందుగాలే ఎందుకు వేడి చేసినవ్?"

"పక్కింటోళ్లు... జరపమన్నరు."

"ఎటు జరిపినవ్? టైర్లకు పెట్టిన రాళ్లు పెట్టినట్టే ఉన్నయ్."

"దండం పెడ్త, మెల్లగ మాట్లాడు. లోపల మా ఆయన ఉన్నడు."

"మీ ఆయన తిరుమల్‌కు తెల్వకుండ అమ్ముతున్నవా?"

"బండి నా పేరు మీదనే ఉన్నది. కాగితాలు చూస్కో."

"అడిగింది అది కాదు!"

"చెప్తనన్నా. ఆయన నడుం విరిగి ఆర్నెల్లాయె. ఆపరేషన్ చేపియ్యాలె, అందుకే అమ్ముతున్న. ఎనిమిదేండ్లు రోజు ఐదింటికి ఈ బండి తీసిండు. ఇప్పుడు ఐదింటికి నేను స్టార్ట్ చేస్త. ఆ చప్పుడు వింటేనే చాయ్ తాగుతడు. లేకుంటే మొఖం గోడ దిక్కు తిప్పుకుంటడు."

"ఎట్ల స్టార్ట్ చేస్తవ్? చెప్పు."

"తాళం తిప్పి, పసుపు లైటు ఆరేదాక ఆగుత. అప్పుడు సెల్ఫు కొడ్త. యాక్సిలరేటర్ తొక్కను. రెండు నిమిషాలు ఉంచి బంద్ చేస్త."

"రెండు నిమిషాలు నడిపితే, గంటైనాక గూడ ఈ చలిల వేడుంటదా? ఎవరికి చెప్తున్నవ్? అరగంటకు తక్కువ నడ్వలె ఈ ఇంజను!"

"అన్నా..."

"ఏదో లోపమున్నది. ఏం దాస్తున్నవ్?"

"బండిల లోపం లేదు. పిల్లల మీద ఒట్టు!"

"మరి అరగంట ఎందుకు నడిపినవ్?"

"ఊర్మిళా!"

"అయ్యో, ఆయనకు వినపడ్డది! వస్తున్ననయ్యా, పాలాయన వచ్చిండు!"

"ఏం పాలాయన! ఆయన గొంతు లాలాగూడ దాక వినపడ్తున్నది. కిటికీ తెరువు. ఓ అన్నా, నేను తిరుమల్‌ను. బండి పక్కా. రేపు నువ్వే ఐదింటికి వచ్చి చల్లగున్నప్పుడే స్టార్ట్ చేస్కో, తీస్కపో."

"నీకు... నీకు అమ్ముడు సంగతి ఎప్పటి సంది తెలుసు?"

"నువ్వు ఫోన్ల గుసగుస పెట్టిన కాన్నుంచి."

"మరి నీ చాయ్?"

"చప్పుడు లేకున్న తాగుత."

"మరి గిన్ని దినాలు నన్నెందుకు సతాయించినవయ్యా?"

"రోజు అరగంట బండిల కూసొని ఏడిస్తే, ఇంజను చప్పుడుల నాకు వినపడదనుకున్నవ్. జెరసేపు నీ పాటికి నువ్వు ఏడ్చుకుంటవని మొండికేసిన. రేపటి సంది బండి ఉండదు. ఇగ యాడ కూసొని ఏడుస్తవే?"