సూర్యుడికిచ్చిన సెలవు

లాండ్రీ మావయ్య దగ్గర ఇస్త్రీపెట్టె కంటే ముందు ఆయన నోరే వేడెక్కుతుంది. ఆ సంగతి ఇస్త్రీ చేసే అల్లుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అల్లుడంటే నిజం అల్లుడేం కాదు. "ఇంటి మనిషివి, నీకు సెలవేంటి" అనడానికి వీలుగా ఉంటుందని మావయ్య కలిపిన వరస అది.

ఆ రోజు పొద్దుటి నుంచీ అల్లుడు ఒక మాట నోటిదాకా తెచ్చుకుని మింగేస్తున్నాడు. మర్నాడు దేశమంతా సెలవు. కూతురుండే హాస్టల్లో అమ్మానాన్నల్ని లోపలికి రానిచ్చేది అలాంటి సెలవుల్లోనే. కిందటి సెలవుకి హోటలు దుప్పట్లు అడ్డొచ్చాయి, అంతకుముందు సెలవుకి ఎవరివో పెళ్లి కోట్లు. "ఈసారైనా వస్తావా నాన్నా" అని పిల్ల ఫోన్లో అడిగితే వస్తానని మాటిచ్చేశాడు.

సాయంత్రానికి ధైర్యం చేసి కౌంటరు దగ్గరికొచ్చాడు. అక్కడ కోటు కోసం వచ్చిన స్కూలు మాస్టారు, దుప్పట్ల మూటలు దించిన హోటలు వ్యాను డ్రైవరు టీ తాగుతున్నారు.

"ఇంతకీ రేపు సెలవు దేనికి మాస్టారూ?" అన్నాడు డ్రైవరు.

మాస్టారు గొంతు సవరించుకునేలోపు మావయ్య అందుకున్నాడు.

"ఆయన్నడుగుతావేంటయ్యా, ఆయన పుస్తకంలో ఉన్నది చెప్తాడు, ఆ పుస్తకం రాసినవాడు నన్ను కనుక్కోకుండా రాశాడు. రేపు జెండా రోజు. అదెలా పుట్టిందనుకున్నావ్? అప్పటికి నాకింకా మీసం రాలేదు. పెద్ద సర్కారు కచేరీ మీద ఎగిరే జెండా ఉతుక్కి మన షాపుకే వచ్చేది. ఆ రోజు ముసురు, జెండా ఆరలేదు. పొద్దున్నే బంట్రోతు వగర్చుకుంటూ వచ్చాడు. నా చేతి మీదుగా తడిబట్ట బయటికెళ్లదు, రేపు రా పో అన్నా. జెండా ఎగరందే కచేరీ తలుపు తియ్యకూడదట, కచేరీ తియ్యందే బ్యాంకు తియ్యకూడదట, బ్యాంకు తియ్యందే బడి తియ్యకూడదట. ఊరూవాడా హాయిగా ఇంట్లో కూర్చుంది. మరుసటేడు అదే రోజుకి జనం మా సెలవేదీ అని నిలదీశారు. ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది, ఇచ్చింది."

"ఉపన్యాసాల్లో త్యాగాలనీ పోరాటాలనీ చెప్తుంటారే మరి" అన్నాడు మాస్టారు.

"జెండా ఆరలేదని చెప్పుకుంటే బాగోదని అవన్నీ తర్వాత కలిపారు మాస్టారూ."

"మావయ్యా, రేపూ..." అన్నాడు అల్లుడు.

"ఉండు అల్లుడూ, కథ మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమరవీరుల రోజున అందరూ లేచి మౌనంగా నిలబడతారు కదా, అదీ మన చలవే. మైదానం నిండా జనం, సేనాధిపతికి కోటు నేనే తొడుగుతున్నా. బంగారు గుండీ ఒకటి ఊడి దొర్లిపోయింది. చప్పుడు బట్టి పట్టుకుందామని, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి అన్నా. లక్షమంది ఊపిరి బిగబట్టారు. కొందరికి కళ్లమ్మట నీళ్లు కూడా."

"గుండీ కోసమా?" అన్నాడు డ్రైవరు.

"ఎందుకో వాళ్లకేం తెలుసు, పక్కవాడు ఏడుస్తున్నాడని వీడూ ఏడ్చాడు."

"ఇంతకీ గుండీ దొరికిందా?"

"దొరికితే ఏటేటా ఎందుకు నిలబడతారయ్యా?"

డ్రైవరుకి టీ పొలమారింది. అల్లుడికీ నవ్వొచ్చింది గానీ, హాస్టలుకి వెళ్లాలంటే ఎక్కాల్సిన తెల్లవారుజాము బస్సు గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇక అప్పటి నుంచి ఎవరికి సెలవు కావాలన్నా నా దగ్గరికే. పక్కదేశం రాజుగారు మా దగ్గర సెలవులు చాలట్లేదని కబురు పెడితే, మనవి పాతవి రెండు గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా పంపించా. వాళ్లిప్పటికీ అవే వాడుతున్నారు. అదంతా ఒకెత్తు. ఆఖరికి నా దగ్గరికి ఎవరొచ్చారో తెలుసా? సూర్యుడు. మేడ మీద నేను బట్టలారేస్తుంటే దిగొచ్చి, తీగ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయ్యా, లోకం పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కరోజు మానలేదు, మీ బట్టలు ఆరబెట్టీ ఆరబెట్టీ నా నడుం పడిపోయింది అన్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. నాది అసలే వెన్నలాంటి మనసు కదా. పిచ్చివాడా, ముందే అడగొద్దూ, పనిచేసేవాడికి సెలవివ్వనివాడు మనిషేనా, ఇంటికెళ్లి పిల్లాపాపల్తో గడిపి రా పో అన్నా. పట్టపగలే చీకటి పడిపోయింది. మీరంతా గ్రహణమంటారే, అది నేనిచ్చిన సెలవు."

డ్రైవరు గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. అల్లుడు మాత్రం అలాగే నిలబడిపోయాడు. పిల్లాపాపల్తో గడిపి రా అన్న మాట కోసమే అతను ఇన్నాళ్లూ ఆ మనిషి మొహంలోకి చూస్తున్నాడు. ఆ మాట ఆయనకి వచ్చని ఇప్పుడే తెలిసింది. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు, కోపం మాత్రం బాగానే వచ్చింది.

"రేపు నాకు సెలవు కావాలి మావయ్యా. హాస్టలుకెళ్లి పిల్లని చూసి రావాలి."

మావయ్య మూటల వంక చూశాడు. "రేపా? ఈ దుప్పట్లన్నీ ఎవడు చేస్తాడు? ఇంటి మనిషివి, నువ్వే ఇలా అంటే ఎలా?"

"సూర్యుడికిచ్చారుగా" అన్నాడు డ్రైవరు.

"సూర్యుడి సంగతి వేరయ్యా."

"వేరే మరి" అన్నాడు అల్లుడు నెమ్మదిగా. "ఆయన మీ దగ్గర జీతానికి లేడు. ఉండుంటే ఇప్పటిదాకా ఒక్క గ్రహణం కూడా పట్టేది కాదు."

మాస్టారు కోటు మడతల్లోకి మొహం దించుకున్నాడు. మావయ్య గబగబా దుప్పట్ల మూటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అల్లుడు ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, చొక్కా తొడుక్కుని, షాపు తాళంచెవి తెచ్చి దుప్పట్ల మూట మీద పెట్టాడు.

"ఎల్లుండి పొద్దున్నే వస్తా. రేపటి సెలవు మాత్రం నేను పుట్టించింది మావయ్యా. ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే మీరే చెప్పండి. నాకు మీ అంత బాగా చెప్పడం రాదు."