ఎలీసో బాన

తిబిలిసిలో ఓ వంటిల్లు. గురాం, అతని భార్య నతేలా. కూతురు ఎలీసో పెళ్లి మూడు వారాల్లో.

“ఈ శనివారం కూడా కుదరదంటావా?”

“కుదరదనలేదు. కష్టమంటున్నా.”

“పోయిన వారం కారు బ్రేకులన్నావు. అంతకు ముందు వాన. ఇప్పుడేంటి?”

“కహేతీలో ద్రాక్ష కోతలు, నతేలా. అన్నయ్యకి ఊపిరాడదు. పళ్లు తొక్కుకుంటాడా, మనకి మర్యాదలు చేస్తాడా?”

“మనమేం చుట్టాలమా? ఏటా వెళ్లి బుట్టలు మోసినవాళ్లమే. ఈ రెండేళ్ల నుంచే నీకా ఊరి దారి గుర్తుండట్లేదు.”

“ఆ కొండ రోడ్డు ఎలా ఉందో తెలుసా?”

“బస్సులు తిరుగుతున్నాయిగా. నేను బస్సులో పోతా.”

“ఒక్కదానివా? వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు. పెళ్లికి వైన్ సంగతి నేను చూసుకుంటా. బజార్లో మంచివే దొరుకుతాయి.”

“బజార్లోనా? ఎలీసో పుట్టిన ఏడు మీ అన్నయ్య కొట్లో బాన పాతి, నింపి, మట్టితో మూతేసి, దాని పెళ్లికే తీస్తానని ఊరందరి ముందూ అన్నావు. ఇప్పుడు వియ్యాలవాళ్లకి బజారు సీసాలు పెడతావా?”

“ఇరవై నాలుగేళ్లయింది. పులిసిపోయుంటుంది.”

“మూత తియ్యకుండానే తెలిసిందా?”

“విసిగించకు.”

“ఎవరు ఎవర్ని విసిగిస్తున్నారు? నెల్లాళ్లుగా గోడకి చెప్పుకుంటున్నట్టుంది. ఆ బానకేమైంది, గురాం?”

“ఏమవుతుంది...”

“చెప్పు.”

“ఖాళీ.”

“ఎవరు తాగారు?”

“లాషా చావు రోజు గుర్తుందిగా. ఆ కొడుకు పెళ్లికని దాచిన బానే అన్నయ్య ఆ రోజు తీశాడు. మధ్యాహ్నానికే అడుగంటింది. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. బిడ్డ పేరు చెప్పి గ్లాసెత్తడానికి చుక్క లేదని అన్నయ్య కొట్లో కూలబడిపోయాడు. పక్కనే ఎలీసోది. చెయ్యి పట్టుకుని వద్దన్నాడు, అయినా మూత నేనే పగలగొట్టాను. అప్పట్నుంచి అన్నయ్య నీకు మొహం చూపించలేక ఇటు రావట్లేదు. తిడితే నన్ను తిట్టు. ఆయన్నేమీ అనకు.”

“ఆ రోజు పొద్దున కూజాల్లో ఎర్రది వచ్చింది. మధ్యాహ్నం నుంచి తేనెరంగుది. ఆ కొట్లో తేనెరంగుది ఎవరి బానలో ఉందో నాకు తెలియదా? లోపల ఆడవాళ్లకి పోసిందే నేను.”

“తెలిసీ...”

“నువ్వే చెప్తావని రెండేళ్లు చూశా. శనివారం నేను వెళ్లేది వైన్ కోసం కాదు. పెళ్లిలో పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకురమ్మని బావగారిని అడగడానికి.”