వేలానికి పోయిన దావా

హలో… ఆ, నేనే. ఈనిడ్‌ని. మా మూతపడ్డ కంపెనీ ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేటరు ఓకెల్ గారేనా? మీ ఫోన్ కోసమే పొద్దున్నించీ కూర్చున్నా… ఇంకెక్కడ, గ్రిమ్స్‌బీ రేవులోనే, మా నాన్న చేపలకి పొగబెట్టే కొట్టంలో. పొయ్యిలు ఆరిపోయినా చేపల వాసన పోలేదు.

మా తమ్ముడు క్లైవ్ మీద దావా సంగతి చెప్పండి.

— తెలుసండీ, లాయరు చెప్పాడు. వాటాదారు వేయడానికి లేదట. నష్టం కంపెనీదేనట. నా వాటా చిల్లిగవ్వ చెయ్యకపోయినా అది నా నష్టం కాదట! ఇదేం న్యాయమండీ?

— అప్పులవాళ్ళదీ అంతేనా? పొయ్యిల దగ్గర పనిచేసి జీతం అందని మా స్టాన్లీ కూడా… వరుసలో నిలబడి, ఏమైనా మిగిలితే తీసుకోవాలా. బాగుంది.

సరే, వేయాల్సింది కంపెనీయే. కంపెనీకి ఇప్పుడు నోరు మీరే. మరి మాట్లాడరేం?

— రుజువా? వచ్చి ఈ గోడలు చూడండి. మా తాతల నాటి మసి ఉండేది. ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, చేపకి రుచి దానివల్లే. క్లైవ్ డైరెక్టరయ్యి, శుభ్రం శుభ్రం అంటూ గీకించేశాడు. రుచి పోయింది, కొనేవాళ్ళూ పోయారు. రేవు అవతల వాడు సొంతంగా పెట్టుకున్న కొత్త కొట్టానికే పోయారు!

— ఏడవట్లేదండీ. భయమేస్తోంది… రోజూ తెల్లారేసరికి ఇక్కడ నాన్న దగ్గుతాడు. పోయి మూడేళ్ళయింది… నాకు పిచ్చేం లేదు. “గోడల మీద మసేదే?” అని అడుగుతాడు. ఏం చెప్పను?

— ఇవాళా? ఇవాళ రాలేదు. అదే గుబులుగా ఉంది.

— ఏమన్నారు?… అమ్మేశారా? దావా వేసే హక్కునా? అదీ అమ్ముతారా?… కోర్టు ఖర్చులకి డబ్బు లేదని, రేవులో చేపల్లా పాట పెట్టేశారా! నాతో ఒక్క మాట అనుంటే ఇల్లు తాకట్టు పెట్టేదాన్ని కదా!

ఎవరు కొన్నారు?

… క్లైవా?

వాడి మీద వేసే దావా… వాడికేనా? ఇంకేం వేస్తాడు, జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

— మీ ఆఫీసులోనే ఉన్నాడా? ఇవ్వండి ఫోను.

ఒరేయ్… అక్కనే. గెలిచావుగా, ఇంకేంట్రా?… నాన్నొచ్చాడా? ఎప్పుడు? ఇవాళ తెల్లారగట్లా?… నీ కొత్త కొట్టంలోనా?

… నిన్నేం అడిగాడు?

— నిన్నూ ఆ మసే అడిగాడా? మరి నన్ను రమ్మంటావేం? నేనేం చెప్పగలను? నాకే హక్కూ లేదట్రా. అంతా కొనుక్కున్నావుగా, జవాబూ నువ్వే చెప్పుకో.

… ఉండు. నీ వెనక దగ్గుతున్నదెవరు?

… ఓకెల్ గారు కాదు. నాకు తెలుసురా ఆ దగ్గు. తిరిగి చూడు… చూడరా, పారిపోకు.

… క్లైవ్. ఫోన్ ఆయనకివ్వు.

… హలో? నాన్నా?