ఉమామహేశ్వరం గారి మాటల మందు

ఉమామహేశ్వరం గారు చెప్పిన మాట ఒక్కటంటే ఒక్కటి కూడా జోసఫ్ ఏనాడూ నమ్మలేదు. ఆవేళ మాత్రం నమ్మాలనిపించింది.

యానాంలో గోదారి గట్టు మీద చిట్టెమ్మ టీ కొట్టు. సాయంత్రం ఐదున్నరైతే బల్ల మీద చోటు దొరకదు. ఎడంపక్క చివర ఉమామహేశ్వరం గారిది. రిటైరై ఆరేళ్ళయింది, ఏ ఉద్యోగంలోంచి రిటైరయ్యారో ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా చెబుతారు. కోతల్లో ఆయన్ని మించినవాడు కాకినాడ దాకా లేడు.

జోసఫ్ ఒళ్ళో మనవరాలు చిన్ను కూచుని బిస్కెట్ నాకుతోంది. రెండున్నరేళ్ళు నిండాయి, నోట్లోంచి ఒక్క మాట లేదు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. చెప్పులు తెమ్మంటే తెస్తుంది, తలుపెయ్యమంటే వేస్తుంది. మాటే రాదు. ఇంట్లో గోడల నిండా బొమ్మల చార్టులు. దాని తల్లి, జోసఫ్ కూతురు ఎస్తేర్‌రాణి, ఏనుగు మీద వేలు పెట్టి "ఏనుగు అనమ్మా" అంటే, పిల్ల వేలి వంక చూస్తుంది, తల్లి వంక చూస్తుంది, ఊరుకుంటుంది. వీధిలో ఎవరో మూగపిల్ల అన్నారట. రెండ్రోజులుగా రాణికి ముద్ద దిగడం లేదు. సోమవారం కాకినాడలో మాటలు నేర్పే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయనేం చెబుతాడో అని జోసఫ్‌కి భయం.

"మాట ఆలస్యమైన పిల్లలకి ఏం చేస్తారో నీకేమన్నా తెలుసా చిట్టెమ్మా?" అన్నాడు.

చిట్టెమ్మ నోరు తెరిచేలోపే ఉమామహేశ్వరం గారు గ్లాసు కింద పెట్టేశారు.

"చూడు జోసఫూ, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు."

అవతల వల సర్దుకుంటున్న స్టీఫెన్‌కి దగ్గొచ్చింది.

"మెట్టకూరులో మా చెల్లెలి కొడుకు సాయిసందీప్ ఉన్నాడా, నాలుగేళ్ళొచ్చినా వాడి నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. మా చెల్లెలు ఒకటే ఏడుపు. సరే అని వెళ్ళాను. అందరూ ఏం చేస్తారు? వసకొమ్ము అరగదీసి, తేనెతో నాలిక్కి రాస్తారు."

"మేమూ రాశామండి. మా ఆవిడ కృపమ్మ పురిట్లోనే రాసింది."

"రాశారు సరే, వస అరగదీసేటప్పుడు దాంతో మాట్లాడారా?"

"దేంతోనండీ?"

"వసకొమ్ముతో! మందుక్కూడా మాటలొచ్చుండాలి కదయ్యా, లేకపోతే పిల్లకేం నేర్పుతుంది? నేను సాన ముందు మూడ్రోజులు కూచుని, అరగదీస్తూ కబుర్లు చెప్పాను. ఊరి కబుర్లు, వీధి తగాదాలు, పెళ్ళిళ్ళు, పేరంటాలు. మూడో రోజు పొద్దున్నే నాలిక్కి రాశానో లేదో, వాడు లేచి కూచున్నాడు."

జోసఫ్ ముందుకి వంగాడు. "ఏమన్నాడండీ?"

"ఏమనలేదో అడుగు! ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివాడు. అందులో రెండు తరాలు మాకే తెలీవు!"

"అది సరేనండి, మొట్టమొదట ఏమన్నాడు? అమ్మా అన్నాడా?" జోసఫ్‌కి కావలసింది అదొక్కటే.

"చెబుతా, కంగారు పడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా చెల్లెలు ఆ సాన కడిగిన నీళ్ళు పెరట్లో పారబోసింది. పుంజు తాగింది. మర్నాడు తెల్లారగట్ల కొక్కొరొక్కో లేదు. గోడెక్కి, 'లేవండమ్మా, కుళాయొచ్చింది, బిందెలు పట్టుకోండి' అని కేకేసింది. వీధి వీధంతా బిందెలతో పరుగు!"

"మా పేటక్కూడా అలాంటిది ఒకటి ఇప్పించండి బాబాయ్ గారూ," అంది చిట్టెమ్మ పాలు కలియబెడుతూ. "ఆ కుళాయి ఎప్పుడొస్తుందో తెలిసి చావట్లేదు."

"చూద్దాం. ఇంతలో మిగిలిన నీళ్ళు గేదె తాగేసింది. పాలు పిండడానికి విజయలక్ష్మి అని ఒకావిడొచ్చేది. చెంబు పట్టుకుని కూచుందో లేదో, గేదె వెనక్కి తిరిగి, 'గోళ్ళు తీసుకుని రావమ్మా, నిన్నట్నుంచి చెబుదామంటే మాట రాక ఊరుకున్నా' అంది. ఆవిడ చెంబు పారేసి పోయింది. మళ్ళీ గోళ్ళు తీసుకునే వచ్చింది."

స్టీఫెన్ పడీ పడీ నవ్వుతున్నాడు. జోసఫ్‌కి నవ్వు రాలేదు. పుంజు దగ్గరే ఆశ సగం పోయింది, గేదె దగ్గర ఆ మిగతాదీ పోయింది. ఇంత వయసొచ్చి ఈయన్ని అడిగానేంటి అని తనమీద తనకే కోపం వచ్చింది. లేచి పోదామంటే చిన్ను కదలనివ్వడం లేదు. బిస్కెట్ నాకడం మానేసి, ఉమామహేశ్వరం గారి నోటి వంకే చూస్తోంది.

"ఇంకా ఉంది వినండి. ఆ పెరటి నీళ్ళు కాలవలోకి, కాలవలోంచి గోదాట్లోకి. అసలే పులసల రోజులు. వల్లో పడ్డ పులస పడ్డట్టు మాట్లాడ్డం మొదలెట్టింది!"

"నా వల్లో పడ్డవేవీ మాట్లాడలేదేంటండీ?" అన్నాడు స్టీఫెన్.

"నీ వల్లో పులసెప్పుడు పడింది, చెప్పు?"

స్టీఫెన్ తల వంచుకుని వల సర్దుకున్నాడు.

"ఒక పులసైతే సరాసరి నా మొహంలోకి చూసి ఫ్రెంచి అందుకుంది. సముద్రాలన్నీ తిరిగొచ్చిన చేప, పైగా యానాం రేవు, ఆ మాత్రం మర్యాద తెలుసు దానికి. నేనూ ఫ్రెంచిలోనే, 'పర్వాలేదమ్మా, తెలుగులో చెప్పు' అన్నాను. అప్పుడంది, 'బాబూ, నన్నెలాగూ వదలరు. మట్టిదాకలో పెట్టండి, బెండకాయలు మర్చిపోకండి. ఇవాళ మాత్రం తినకండి, రేపైతే బాగుంటాను' అని."

"తిన్నారా మరి?"

"దాని మాట కాదంటానా? తిన్నాక నాకేమైందో తెలుసా? కొంగలేమనుకుంటున్నాయో తెలిసిపోవడం మొదలెట్టింది. తూనీగలవి కూడా. చివరికి ఇదుగో, ఈ గోదారి, ఇన్నేళ్ళ బట్టీ నోరు మెదపని గోదారి, సరిగ్గా ఈ గట్టు కింద, నన్ను చూసి నోరు తెరిచి..."

"చాలు."

చిన్న గొంతు. గంట కొట్టినంత స్పష్టం.

స్టీఫెన్ చిట్టెమ్మ వంక చూశాడు. నేను కాదంటూ చిట్టెమ్మ తల అడ్డంగా ఊపింది. జోసఫ్‌కి మాత్రం తెలిసింది. ఆ మాట పిల్ల వీపులోంచి వచ్చి అతని రొమ్ముకి తగిలింది. చిన్ను అరచెయ్యి చాపి ఉమామహేశ్వరం గారి మొహానికి అడ్డం పెట్టి ఉంది.

అరచెయ్యి అలా అడ్డం పెట్టడం జోసఫ్ రోజూ చూస్తున్నదే. అన్నం పెట్టేటప్పుడు పిల్ల ఇలాగే చెయ్యి అడ్డం పెట్టి మొహం తిప్పుకుంటే, "చాలా? ఇంక చాలా నాన్నా?" అని రాణి పూటపూటా అడుగుతుంది. ఏనుగులు నేర్పారు, కాకులు నేర్పారు. ఇది ఎవరూ నేర్పలేదు. వినీ వినీ దాచుకుని, ఎక్కడ అనాలో అక్కడ అంది.

"బాబాయ్ గారూ," అంది చిట్టెమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "ఆరేళ్ళ బట్టీ మేం అనలేకపోతున్న మాట, పసిది అనేసింది."

ఉమామహేశ్వరం గారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

జోసఫ్ గబగబా ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా రాణీ, చిన్ను మాట్లాడిందే!"

"ఎక్కడున్నావు నాన్నా?"

"చిట్టెమ్మ కొట్టు దగ్గర."

"ఉమామహేశ్వరం గారున్నారా పక్కన?"

"ఉన్నారు."

"అయితే ఇంటికొచ్చెయ్ నాన్నా," అంది రాణి నీరసంగా.

ఉమామహేశ్వరం గారు ఫోన్ లాక్కున్నారు. "అమ్మా, నేనమ్మా. ఒట్టు. నిజంగా మాట్లాడింది."

"పోయినసారి పీత కూడా మాట్లాడిందన్నారు కదండీ. నా పిల్ల మీద మాత్రం కోతలొద్దు బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను."

ఆయన మొహం వాడిపోయింది. ఒక్క నిజం చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. జోసఫ్ వంక చూశారు, పిల్ల వంక చూశారు. స్పీకర్ నొక్కి, ఫోన్ చిన్ను ముందు పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అప్పుడు గోదారి నోరు తెరిచి ఏమందంటే, 'ఒరేయ్ ఉమామహేశ్వరం, నీ అంత తెలివైనవాణ్ణి నేను నాసిక్ నుంచి ఇక్కడిదాకా ఎక్కడా...'"

చిన్ను లేచి నిలబడి, ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "చాలు!"

ఫోన్లో గరిటె కింద పడిన చప్పుడైంది. తర్వాత రాణి ఏడుపు వినపడింది.

"బాబాయ్ గారూ," అంది చివరికి. "ఆపకండి. నేను వచ్చేస్తున్నా. వచ్చేదాకా కథ ఆపకండి."

ఉమామహేశ్వరం గారు కండువాతో కళ్ళు తుడుచుకుని, పుంజు దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టారు.