లస్మయ్య పెట్టెల నోటుబుక్కు

1995, సూరత్. గోడాదరాలో చనిపోయిన లస్మయ్య గది. మాట్లాడుకుంటున్నది అతని భార్య వెంకటవ్వ, అతని పక్క సాంచ (మరమగ్గం) నడిపిన నర్సింగం.

“గీ నోటుబుక్కు గింత చాయ్ వాసనొస్తుందేంది నర్సింగం?”

“పాతదాని లెక్క కనవడాలని చాయ్ నీళ్లు పూసి ఆరబెట్టిన వదినె.”

“అంటే మీ అన్న రాసింది కాదా?”

“నేనే రాసిన.”

“మరి పైన ఆయిన పేరున్నదంటివి?”

“పదిహేనేండ్లు నా పేరు మీద పత్రికలకు కవితలు పంపిన. పంపినయి పంపినట్టే తిరిగొచ్చినయ్. మొన్న, సచ్చిపోయిన సాంచల కార్మికుని కవితలని అన్న పేరు పెట్టి నాలుగు పంపిన. నాలుగూ అచ్చేసిండ్రు.”

“సచ్చినోని పేరు గట్ల...”

“తప్పే. కాదంటలేను. పంపి పంపి యాష్టకొచ్చింది వదినె.”

“ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?”

“రేపు హైదరాబాద్ నుంచి పత్రిక సారు వస్తుండు. పుస్తకం ఏస్తరట. ఇది మా ఆయిన పెట్టెల దొరికిందని ఒక్క మాట చెప్పు. గంతే.”

“నాకు సదువు రాదు. అండ్ల ఏమున్నదో ఎరుక లేకుంట ఏమని చెప్పాలె? ఒకటి సదువు.”

“ఇప్పుడెందుకు తియ్...”

“సదువుమన్ననా?”

“‘పన్నెండు గంటలు సాంచ నడిపి ఇంటికొస్తే, గిన్నెలు తోముకుంట నువ్వు పాడుతుంటవ్. తలుపు బయటనే నిలవడి ఇంటుంట, లోపలికొస్తే ఆపేస్తవని.’ ...ఏంది వదినె, మంచిగ లేదా?”

“దొరికిపోతవ్ నర్సింగం.”

“ఎందుకు?”

“మీ అన్నకు చెవులు ఇనరాక పదేండ్లు. ఆ సాంచల సప్పుడుకే పోయినయ్.”

“లస్మన్నకా? ఎనిమిదేండ్లు పక్క పక్కనే చేసినం గద!”

“సాంచలకాడ మాటెక్కడిది? అందరియి సైగలే.”

“చాయ్ కాడ గూడ మంచిగనే ఉండెటోడు. నవ్వెటోడు, తల ఊపెటోడు...”

“ఇనరాకనే నవ్వెటోడు. సేటుకు తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తడని నాతోని ఒట్టేయించుకున్నడు.”

“అయ్యో... అయితే ఈ కాయితం చింపేస్త. అన్నిట్ల ఇదొక్కటే మంచిగ కుదిరింది నాకు.”

“చింపకు.”

“దొరికిపోతవంటివి?”

“ఆ సారుకు నేను చెప్త. చెవులు మంచిగుండెనని చెప్త. నా పాట ఇననీకె తలుపుకాడ నిలవడెటోడని చెప్త.”

“వదినె, నీ మేలు నేను...”

“ఆగు. రేపెన్నడన్న నీకు పేరొస్తది. గప్పుడు గూడ ఇది నాదని అనొద్దు.”

“కడమ కవితలన్నీ అన్నయే అనుకో. ఇదొక్కటి మాత్రం వదినె...”

“ఇది ఆయిన రాసిందే నర్సింగం. ఇంకోసారి సదువు.”